చీటీ వేరు, హక్కు వేరు

ఈ శీర్షికన సాధారణంగా పెద్ద యంత్రాలను గురించి ముచ్చటించే మేము, ఈ మాసం బొటనవ్రేలంత చీటీని గురించి వ్రాయవలసి వచ్చింది. ఇటీవల మేము ఖరగ్‌పూర్ వెళ్ళి రావడమే ఇందుకు కారణం.

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలోని ట్రాఫిక్ అనే పేటలో మా అక్కగారి కుటుంబం నివసిస్తున్నది. బావగారు రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్లకు రంగులు వేసే విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. మా మేనల్లుడు గోల్ బజారు దగ్గర ఒక అద్దెగదిలో, ఆసుపత్రులలో వరుస సంఖ్యనిచ్చే టోకెను యంత్రాలు తయారు చేస్తున్నాడు. ప్రతి యంత్రంలోను ఒక చిన్న కంప్యూటరు, అందులో విండోస్ ఉంటాయి.

మేము వెళ్ళిన నాడు ఇంట్లో పొయ్యి వెలిగించే ఉత్సాహం కూడా ఎవరికీ లేదు. ఇరవై యంత్రాలను కొనవలసిన సంస్థ, పరీక్ష సమయంలో సాఫ్ట్‌వేర్ లైసెన్సు పత్రాలు అడిగి, సరుకు తిప్పి పంపింది. "మామయ్యా, ప్రతి పెట్టె మీదా అసలైన చీటీయే అంటించాను కదా!" అని వాడు వాపోయాడు. ఆ చీటీలను ఒక వర్తకుని వద్ద విడిగా, చౌకగా కొన్నాడట. పాత యంత్రాల నుండి ఊడదీసినవి కావచ్చునని మాకు తోచింది.

పొరపాటు ఇక్కడే ఉన్నది. ప్రామాణికతా చీటీ లైసెన్సు కాదు. లైసెన్సు ఉన్నదని తెలిపే గుర్తు మాత్రమే. పరికరాల తయారీదారు మైక్రోసాఫ్ట్‌తో ఒప్పందం చేసుకొని, అధీకృత పంపిణీదారు వద్ద ఒక్కొక్క పరికరానికి ఒక్కొక్క లైసెన్సు కొనాలి. దానితో వచ్చిన చీటీని ఆ పరికరానికే అంటించాలి. దానిని విడిగా అమ్మడానికి వీలు లేదు. అంగడిలో మామూలు కంప్యూటరుకు కొన్న ప్రతి కూడా ఈ పనికి చెల్లదు.

మా మాటలు వింటున్న బావగారు నెమ్మదిగా అన్నారు: "ఒరే, వ్యాగను మీద మరమ్మతు తేదీ స్టెన్సిల్ పెట్టి వేసింది నేనే. కానీ లోపల చక్రాలు, బ్రేకులు పరీక్షించినవారు చెప్పకుండా ఒక్క అంకె వేయలేదు. ఉత్త రంగుతో వ్యాగను బాగవుతుందా?" ఇంతకంటె చక్కగా మేము చెప్పలేము.

ఇది కాగితాల పట్టింపు మాత్రమే కాదు. కాపీరైటు చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం, అక్రమ ప్రతి అని తెలిసి కంప్యూటరులో వాడినవారికి ఏడు రోజుల నుండి మూడేళ్ళ వరకు జైలు, ఏభై వేల నుండి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఇక భద్రత సంగతి. విండోస్ ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్‌లో ముగిసినా, మన ఏటీఎంలలో పలుచోట్ల అది నడుస్తూనే ఉండగా, వాటిని మార్చవలసినదిగా రిజర్వు బ్యాంకు 2018 జూన్‌లో గడువులు విధించింది. పరికరాల కోసమే ఇచ్చే విండోస్ 10 ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ 2021 దీర్ఘకాలిక ప్రతికి మాత్రం 2032 జనవరి వరకు మద్దతు ఉన్నది. సక్రమమైన లైసెన్సుతో వచ్చే అసలు లాభం ఇదే.

"అయితే లినక్స్ వాడితే ఏ బాధా ఉండదు కదా?" అని మా మేనల్లుడు అడిగాడు. రుసుము ఉండదు గాని నియమాలు ఉంటాయి. దాని మూలమైన కెర్నల్ 1991లో వెలువడిన జీపీఎల్ రెండవ రూపానికి లోబడినది. పరికరం అమ్మినవారు ఆ భాగపు మూల సంకేతాన్ని వెంట ఇవ్వాలి, లేదా అడిగినవారికి ఇస్తామని మూడేళ్ళు చెల్లే వ్రాతపూర్వక హామీ అయినా ఇవ్వాలి. ఉచితమన్నది కూడా ఒక ఒప్పందమే.

వాడు ఆ రాత్రే చీటీలన్నీ గీకి తీసివేశాడు. పంపిణీదారు వద్ద లైసెన్సులు కొనడానికి బావగారు తమ డిపాజిట్టులో కొంత విడిపించారు. కొనుగోలుదారుకు జరిగినది దాచకుండా వ్రాసి, గడువు కోరారు. జవాబు ఇంకా రాలేదు.

మన ఇళ్ళలోనూ సొంత పనులు ప్రారంభిస్తున్న పిల్లలున్నారు. వారికి మా మనవి ఒక్కటే: చీటీ చూసి తృప్తి పడవద్దు. రసీదు ఎవరిది, ఒప్పందం ఎవరితో, మద్దతు ఎన్నాళ్ళు అని ముందుగా అడగండి.