పడవ చేస్తానంటే నవ్వెందుకు?

మొన్న ఆదివారం పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లో నడుస్తూ, మోటారు బిగించుకునే చిన్న చెక్క పడవ ఇంట్లోనే చేద్దామనుకుంటున్నా అన్నాను. వెంట ఉన్నవాళ్ళందరూ ఇంజనీర్లే. ఆర్ట్స్ కాలేజీ దాకా నవ్వుతూనే ఉన్నారు. "తార్నాకలో ఏ నాలాలో తేలుస్తావురా?" అని ఒకడు. "కొనుక్కోవచ్చుగా?" అని ఇంకొకడు.

నాలా ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు, ఒప్పుకుంటా. రెండోదానికే నా కోపం.

ఇందులో బ్రహ్మవిద్యేం లేదు బాసూ. ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్‌ని కొలత ప్రకారం కోసి, అంచుల్ని రాగి తీగతో కుట్టి, లోపల ఎపాక్సీ పూస్తారు. గట్టిపడ్డాక తీగలు పీకేసి, అతుకుల మీద గ్లాస్ ఫైబర్ టేపు అంటిస్తారు. 1963లో ఇంగ్లండులో మిర్రర్ అనే తెరచాప పడవ ఇలా కుట్టుకునే కిట్‌గానే ఇళ్ళకి చేరింది.

మనకి చేతకాదంటారా? 1839 తుఫానుకి కోరంగి రేవు దెబ్బతిన్నా, తాళ్ళరేవు వైపు చెక్క ఓడలు కట్టడం ఆగలేదు. వాళ్ళని వడ్రంగులంటాం. ఫస్టియర్ వర్క్‌షాప్‌లో డవ్‌టెయిల్ జాయింటు సీనియర్ దగ్గర కొనుక్కుని మార్కులేయించుకున్న నన్నేమో ఇంజనీరంటాం! కోడ్ తప్పయితే వెనక్కెళ్ళొచ్చు, కోసిన చెక్కకి అన్‌డూ లేదు. మన భయమల్లా అదే.

నిన్న బాల్కనీ కొలిచాను. ఎనిమిదడుగుల షీటుకి నాలుగంగుళాలు తక్కువొచ్చింది. తలుపు ఊడదీయాలి. ఇంటి ఓనరుకి ఇంకా చెప్పలేదు.