కత్తికి కులం పెట్టింది ఎవరు?

ఈ మధ్య ఫోన్లలో ఒక కొత్త ముచ్చట కనబడుతున్నది. మంచి నౌకరీ చేసే పిల్లలు సెలవు రోజున ఇంటి వెనుక చిన్న గ్యాస్ కొలిమి పెట్టుకుంటున్నరు. లారీ కమాన్ పట్టీ ముక్కను ఎర్రగ కాల్చి, సుత్తెతో సాగగొట్టి, నూనెలో ముంచి, గ్రైండర్ మీద అంచు తీసి కత్తి చేస్తున్నరు. దానికి పేరు హాబీ. కింద 'ఎంత ఓపిక, ఎంత కళ' అని మెచ్చుకోళ్లు.

మెచ్చుకోవాల్సిందే. ఇనుము ఏ రంగుకు వస్తే దెబ్బ వెయ్యాలె, ఎప్పుడు ఆపాలె అన్నది కంటితో పట్టుకోవడం చిన్న విద్య కాదు. ముంచినంక మళ్లీ తగినంత వేడి చూపించకపోతే అంచు గాజు లెక్క పగులుతది. నా పంచాయితీ ఆ పిల్లలతో కాదు. ఇదే పని ఊరి కొలిమిలో చేస్తే కులవృత్తి, విల్లా వెనుక చేస్తే కళ ఎట్లయింది? నా ప్రశ్న ఇది.

మన ఊర్లల్ల కత్తికి కూడ కులం ఉన్నది. గౌండ్లాయన నడుముకు గీత కత్తి, మంగలి పొదిలో మంగలి కత్తి, మాదిగ చేతిలో తోలు కోసే రంపె. కొలిమి తిత్తికి తోలు సాపు చేసి ఇచ్చింది మాదిగ. ఆ గాలి లేకుంటే నిప్పు రాజుకోదు. కని అదే మాదిగ రంపె సాగగొట్టించుకోను పోతే ఎడంగ నిలబడాలె. గాలికి లేని అంటు మనిషికి వచ్చింది.

ఈ హాబీ లోకం తలకెత్తుకునే పేరు 'డమాస్కస్'. నేడు ఆ పేరుతో అమ్మేటివి ఎక్కువగ రెండు రకాల ఉక్కు పొరలు పేర్చి అతికికొట్టినవి. పాత కత్తుల మీద నీటి అలల వంటి గీతలు పడింది మూసలో కరిగించిన ఉక్కుతో. ఆ ఉక్కుకు పేరుమోసిన ఊర్లలో ఒకటి మన నిర్మల్ దిక్కున, నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం. ఊక కలిపిన మట్టి మూసలో ఇనుము పెట్టి, మూతి మూసి, బొగ్గు మంటలో గంటల తరబడి కరిగించి, మెల్లగ చల్లార్చేటోళ్లు. వోయ్సీ అనే ఇంగ్లీషు డాక్టర్ ఈ పని గురించి రాసిన వ్యాసం 1832లో బెంగాల్ ఏసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆ ఉక్కు కొనను పర్షియా వ్యాపారులు వచ్చేటోళ్లు. మన కాలంలో బెంగళూరు నియాస్, ఇంగ్లండు ఎక్సెటర్ యూనివర్సిటీ పరిశోధకులు ఆదిలాబాద్, కరీంనగర్, నిజామాబాద్, వరంగల్ ఊర్లు తిరిగి ఇనుప చిట్టెం దిబ్బలు నమోదు చేసిండ్రు. దిబ్బలు మిగిలినయి. కరిగించినోళ్ల పేర్లు మిగలలేదు.

అవతలి దిక్కు చూడుండ్రి. మైకేల్ ఫారడే కమ్మరి కొడుకు. లండన్‌లో జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తులు చేసేటాయనతో కలిసి ఉక్కు మీద ప్రయోగాలు చేసి, 1820లో అచ్చేసిండు. మన దేశపు ఉక్కు గుట్టు తెలుసుకోవాలనే ఆరాటం ఆ ప్రయోగాల వెనుక ఉన్నది. అమెరికాలో ఆల్ పెండ్రే గుర్రాలకు నాడాలు కొట్టేటాయన. ప్రొఫెసర్ వెర్హోవెన్‌తో కూడి పాత ఉక్కును మళ్లీ చేసిండు. ఆ అలల గీతలకు వనేడియం వంటి కొద్దిపాటి కలుషితాలు కారణమని చెప్పిన 1998 నాటి శాస్త్ర వ్యాసం మీద ప్రొఫెసర్ పేరు పక్కన ఆయన పేరున్నది. సుత్తె పట్టిన చెయ్యి, లెక్క రాసిన చెయ్యి ఒక్క కాయితం మీదికి వచ్చినయి.

మన దగ్గర ఎందుకు రాలేదు? సుత్తె ఒక కులానికి, పుస్తకం ఇంకో కులానికి ఇచ్చి నడుమ గోడ కట్టిండ్రు గనుక. కులం పనిని ఒక్కదాన్నే కాదు, పనోళ్లను విడగొడుతదని బాబాసాహెబ్ 1936లోనే తేల్చి చెప్పిండు.

హాబీ అంటే ఇష్టమైతే చేసుడు, విసుగొస్తే విడిచిపెట్టుడు. కులవృత్తిలో లేనిది ఆ విడిచిపెట్టే హక్కే. 2023 సెప్టెంబర్ 17న కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం తెచ్చింది. 18 వృత్తులు, పనిముట్లకు 15 వేలు, మొదటి విడత లక్ష అప్పు. తీసుకోవాలె, అవి మన పైసలే. కని గురుశిష్య పరంపరను, ఇంటి వృత్తిని బలపరుస్తమని అదే పథకం చెప్తున్నది. చెప్పులు కుట్టే ఇంటి బిడ్డ చెప్పులే కుట్టాలె అనేటోళ్లకు ఆ మాట ఎంత తియ్యగుంటది!

నిర్మల్ జిల్లా బాసర ట్రిపుల్ ఐటీలో మెటలర్జీ చదువున్నది. అక్కడ ఒక కొలిమి పెట్టుండ్రి. కమ్మరి తాతకు, తోలు పని తెలిసిన మాదిగ పెద్దమనిషికి జీతమిచ్చి పాఠం చెప్పమనుండ్రి. మా వాడ పిల్లలను ముందు బెంచీల మీద కూసోబెట్టుండ్రి.

కత్తి చేసే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఒక్క మాట. మంచిగ చెయ్యుండ్రి. వీడియో కింద డమాస్కస్ పక్కన కోనసముద్రం పేరు కూడ రాయుండ్రి. ఊరి కొలిమి కాడ కూసొని నేర్చుకోండి, నేర్పినోళ్లకు పైసలియ్యుండ్రి. మేం అడిగేది ఒక్కటే. మా పిల్లలు సుత్తె పట్టినా, రంపె పట్టినా అది వాళ్ల ఇష్టం కావాలె. ఏదీ పట్టకుంటే 'ఎందుకు పట్టలేదు' అని అడిగేటోడు ఉండొద్దు.

జై భీమ్.