గొంతు ఒకరిది, ముఖం మరొకరిది

1990 చివర్లో అమెరికాలో 'గొన్నా మేక్ యూ స్వెట్' అనే పాట వచ్చింది. సీ అండ్ సీ మ్యూజిక్ ఫ్యాక్టరీ పేరుతో రాబర్ట్ క్లివిలెస్, డేవిడ్ కోల్ దాన్ని తయారుచేశారు. ర్యాప్ చెప్పింది ఫ్రీడమ్ విలియమ్స్. డాన్స్ క్లబ్బుల దరువుతో సాగే ఆ పాట 1991 ఫిబ్రవరిలో బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి చేరింది. అందులో ఉరుములా వినిపించే స్త్రీ గొంతు మార్తా వాష్‌ది. వీడియోలో పెదవులు కదిపింది మాత్రం సన్నగా ఉన్న మరో యువతి, జెల్మా డేవిస్.

మార్తా వాష్ అనామకురాలు కాదు. 1982 నాటి 'ఇట్స్ రెయినింగ్ మెన్' పాడిన ఇద్దరు నల్లజాతి స్త్రీలలో ఒకరు. అయినా ఆమె లావుపాటి శరీరం మార్కెట్‌కు పనికిరాలేదు. ఇటలీకి చెందిన బ్లాక్ బాక్స్ బృందం కూడా ఆమె పాడిన పాటలకు ఒక మోడల్ ముఖాన్ని తగిలించింది. స్త్రీ శ్రమ కావాలి, ఆ శ్రమ చేసిన మనిషి మాత్రం కనిపించకూడదు! ఇది మనకు కొత్త సంగతేమీ కాదు.

ఆమె కోర్టుకు వెళ్లింది. సోనీతో వివాదం 1994లో రాజీతో ముగిసింది. గాత్రం వాష్‌దని తెలిపే వాక్యాన్ని వీడియోలో చేర్చమని ఆ కంపెనీ ఎంటీవీని కోరవలసి వచ్చింది. ఇక్కడ డేవిస్‌ను దోషిగా నిలబెట్టడం తప్పు. ఆమె కూడా గాయనే; అదే ఆల్బమ్‌లో వేరే పాటలు పాడింది. ఇద్దరు స్త్రీలను ఒకరికొకరు పోటీగా నిలిపి లాభపడింది కంపెనీ.

మన దేశంలోనూ 1949లో 'మహల్' పాట రికార్డు మీద లతా మంగేష్కర్ పేరుకు బదులు సినిమాలోని పాత్ర పేరు వేశారు. ప్రదర్శకుల హక్కులు 1994 సవరణతో కాపీరైట్ చట్టంలోకి వచ్చాయి. ఫలానా ప్రదర్శన తనదని గుర్తింపు కోరే హక్కును 2012 సవరణ 38-బి సెక్షన్‌గా చేర్చింది. చట్టం దృష్టిలో స్టూడియోలో పాడినా పొలం గట్టున పాడినా గాయని గాయనే.

మరి మన సంగతేమిటి? ఊళ్లలో స్త్రీల దగ్గర నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు రికార్డు చేసుకొస్తాం. పుస్తకంలో 'సేకరణ' అని మన పేరు వేసుకుంటాం. పాడిన ఆమె 'జానపదం' అనే మాట వెనక మాయమవుతుంది. రేపు ఎవరో ఆ గొంతుకు డీజే దరువు కలిపి అమ్ముకుంటే ఆమె ఏ ఆధారంతో అడగాలి? అందుకే రికార్డు చేసే ముందు ఎందుకు చేస్తున్నామో ఆమెకు చెప్పాలి. ఒప్పుకుంటే పేరు, ఊరు, తేదీ రాయాలి. ఒక కాపీ ఆమె చేతికివ్వాలి. డబ్బు వస్తే ఆమె వాటా ఎంతో ముందే తేల్చుకోవాలి. ఈ పని మన సంస్థల నుంచే మొదలు కావాలి.