తెలుసుకొందాం: 1352లో పుట్టిన అవ్వ



ఈ నెల మా యొద్దకు ఒక చిత్రమైన ప్రశ్న వచ్చింది. కొల్లాపూర్ దగ్గరి ఒక పల్లెలో సంఘ సభ్యురాలైన అవ్వకు బిడ్డలు, మనుమలు కలిసి జన్మదిన కృతజ్ఞతా కూడిక పెట్టాలనుకున్నారు. ఆధార్ కార్డు తీస్తే 1950 జనవరి 1 అని ఉంది. ఎవరో అంచనాకు వేసిన తేదీ అది. (మన పల్లెల్లో ఇంతమంది పెద్దలు జనవరి 1నే ఎట్లా పుట్టారో!) అవ్వది మాత్రం ఒకటే మాట: "మా నాయిన సావుకారు బాకీ తీర్చి కాయితం తెచ్చిన నాడే నేను పుట్టిన. రాఖీ పున్నం అయినంక వచ్చిన బేస్తారం."

ఆ కాగితం ఇంకా ఉంది. బైబిలుతో పాటు గుడ్డలో చుట్టి ట్రంకు పెట్టెలో దాచింది. ఉర్దూలో ఉన్నందున తెలిసినవారితో చదివించారు. తారీఖు ఉన్న మూల చిరిగిపోగా "మెహర్, 1352 ఫసలీ" అన్నంతే మిగిలింది. అది విని మనుమడు, "కాకతీయులు పోయిన ముప్పై ఏండ్లకు పుట్టినావా అవ్వా?" అని నవ్వాడట. అవ్వ కాగితాన్ని మళ్లీ పెట్టెలో పెట్టి, కూడికే వద్దన్నది.

ఆ మనుమనికీ, అతనివలె సందేహపడే వారికీ చెప్పవలసిన సంగతి ఇది. ఫసల్ అంటే పంట. హిజ్రీ సంవత్సరం చంద్రుని లెక్క. సుమారు 354 రోజులే. ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. ఆ లెక్కన శిస్తు అడిగితే ఒక్కోసారి పంట కోతకు రాకముందే కట్టవలసి వస్తుంది. రైతుకు అది ఎంత కష్టమో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. అందుకని అక్బరు కాలంలో పంటలను అనుసరించే ఫసలీ లెక్క పెట్టారు. దక్కనుకు అది షాజహాను కాలంలో వచ్చింది. 1636లో అప్పటి హిజ్రీ సంఖ్య 1046నే తీసుకుని, అక్కడినుండి సూర్యుని లెక్కన నడిపించారు. 1636లో 1046 తీసివేస్తే 590. మన ప్రాంతపు ఫసలీకి తాళంచెవి ఈ సంఖ్యే.

నిజాం రాజ్యంలో ఫసలీ సంవత్సరం అక్టోబరులో, ఆజూర్ నెలతో మొదలయ్యేది. కనుక అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలకు 590, మిగిలిన నెలలకు 591 కలపాలి. మెహర్ పదకొండవ నెల, అంటే సుమారు ఆగస్టు. 1352కు 591 కలిపితే 1943. తెలుగులో స్వభాను సంవత్సరం. ఆ ఏడు శ్రావణ పౌర్ణమి ఆగస్టు 15, ఆదివారం. దాని తరువాతి గురువారం ఆగస్టు 19. మెహర్ నెలకు సరిగ్గా సరిపోయింది! కాగితం ఒక సాక్షి, అవ్వ జ్ఞాపకం రెండవ సాక్షి. ఒకరి మాట ఒకరికి తెలియకుండానే ఇద్దరూ ఒక్కటే చెప్పారు.

బేస్తారం అన్నందుకు కూడా పిల్లలు నవ్వారని విన్నాము. అది మొరటు మాట కాదు. బృహస్పతివారం నోట అరిగి బేస్తవారం, బేస్తారం అయింది. ఆదిత్యవారం ఐతారం అయినట్లే. కోస్తావారు అదే రోజును లక్ష్మివారం అంటారు. బడి పుస్తకంలోని గురువారానికి ఎంత పరువుందో వీటికీ అంతే ఉంది.

ఐతారం మాట వచ్చింది గనుక ఒక సంగతి. రోమా చక్రవర్తి కాన్‌స్టాంటైన్ ఆదివారాన్ని విశ్రాంతి దినంగా శాసించింది 321లో. నిజాం సర్కారు కచేరీలకు మాత్రం వారపు సెలవు శుక్రవారం. మన పాలమూరు కచేరీలకు ఆదివారం సెలవు వచ్చింది 1948 తరువాతనే. అంతకుముందు సర్కారు కొలువులో ఉన్న విశ్వాసి ఆదివారపు ఆరాధనకు రావాలంటే ఎన్ని తిప్పలు పడ్డాడో!

ఇక ఏలికల లెక్కతో కాలం చెప్పడం కొత్తేమీ కాదు. లూకా సువార్త మూడవ అధ్యాయం మొదలు చూడండి, కైసరు ఏలుబడి సంవత్సరంతోనే ఆరంభమవుతుంది. క్రీస్తు శకమని మనం వాడే లెక్కను దియొనీసియస్ అనే సన్యాసి వేసింది 525లో. లూకాకు ఆ లెక్క తెలియదు.

కార్డు దిద్దించడం వేరే పని. దానికి వారి తిప్పలు వారు పడుతున్నారు. కూడికకు మాత్రం అవ్వ ఒప్పుకున్నదని కబురు వచ్చింది. ఆగస్టు 19నే పెడతారట. బాకీ తీరిన కాగితాన్ని కూడికలో అందరికీ చూపించాలని అవ్వ షరతు.

మీ ఇంటి పెట్టెల్లోనూ ఇటువంటి కాగితాలు ఉండవచ్చును. పారవేయకండి. నెలల వరుస ఇది: ఆజూర్, దయ్, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, అర్దీబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్. కత్తిరించి బైబిలులో పెట్టుకోండి.