పిల్లల ఫలహారపు పళ్లెం

అల్లాహ్ ఆకాశం నుండి వర్షం కురిపించి, దాని ద్వారా వివిధ వర్ణాల ఫలాలను వెలికితీస్తున్నాడని దివ్య ఖుర్ఆన్ ఫాతిర్ సూరా 27వ ఆయత్ మనకు గుర్తుచేస్తుంది. పండుకు రంగు నిచ్చినవాడు, ఆ రంగును చూసి మురిసే మనసును పసిబిడ్డకు ఇచ్చినవాడు ఒక్కడే. కనుక బిడ్డ ఎర్రని దానిమ్మ గింజల వైపు చేయి చాచడాన్ని మారాం అనుకోరాదు. బిడ్డ కోరే రంగు ఎక్కడి నుండి వస్తున్నదన్నదే తల్లిదండ్రులు ఆలోచించవలసిన విషయం.

పెద్దపంజాణి ప్రాంతంలో అసర్ తర్వాత మక్తబ్‌కు వచ్చే పిల్లల నాలుకలు చూస్తే, దారిలో వారు ఏమి తిన్నారో మాకు తెలిసిపోతుంది. ఒకరి నాలుక నారింజ రంగు, మరొకరిది నీలం. కూలి డబ్బులోంచి తండ్రి ఇచ్చిన పది రూపాయలు అలా రంగు ప్యాకెట్టు పాలవుతున్నాయి. మన పొరుగు రాష్ట్రాలైన తమిళనాడు 2024 ఫిబ్రవరిలో, కర్ణాటక ఆ మరుసటి నెలలో రంగు పీచుమిఠాయిని నిషేధించాయి. బట్టలకు అద్దే రోడమిన్-బి అనే రసాయనం అందులో బయటపడడమే దానికి కారణం.

మరొక సంగతి కూడా గమనించాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో అయిదేళ్ల లోపు పిల్లలలో నూటికి 67 మందికి రక్తహీనత ఉన్నది. కడుపు నిండినా ఒంటికి బలం చేకూరకపోవడమంటే ఇదే.

మన నేల రంగులకు పేద కాదు. మదనపల్లె టమాట, తోతాపురి మామిడి, వేరుశనగ, రాగి మన చుట్టూ పండేవే. నూరు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పలుచని రాగిరొట్టెను గ్లాసు అంచుతో నొక్కితే చంద్రవంకలు వస్తాయి. కీరదోసను నిలువుగా చీల్చి, గింజలు తీసి, తురిమిన క్యారెట్ నింపితే నావ అవుతుంది. ఇడ్లీ పిండిలో రెండు చెంచాల బీట్‌రూట్ రసం కలిపితే గులాబీ రంగు ఇడ్లీలు వస్తాయి. తెల్లని పెరుగుపై దానిమ్మ గింజలు, పక్కన సగం కోడిగుడ్డు, ఒక బెల్లం వేరుశనగ ఉండ చాలు. ఉడికించిన అలసందలపై నిమ్మరసం పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. ఆ వెంటనే చాయ్ ఇవ్వకండి, అది ఇనుమును అడ్డుకుంటుంది. చిన్నపిల్లలకు వేరుశనగ గింజలు, ద్రాక్షపండ్లు అలాగే ఇవ్వడం ప్రమాదకరం, గొంతులో అడ్డుపడతాయి. గింజలను పొడి చేసి, ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేసి ఇవ్వాలి.

దైవప్రవక్త (స) తాజా ఖర్జూరాలను కీరదోసతో కలిపి తినడం తాము చూశామని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (ర) తెలిపారు. తీపిని, చలువను ఒకచోట చేర్చిన ఆ జతకన్నా సులువైన పళ్లెం ఏముంటుంది?

పళ్లెంలో జంతువుల ముఖాలు చేయవచ్చునా అని కొందరు తల్లులు మమ్మల్ని అడుగుతుంటారు. చంద్రవంక, నక్షత్రం, చెట్టు, నావ, మస్జిద్ గుమ్మటం ఇన్ని ఉండగా ఆ చర్చలోకి వెళ్లవలసిన అవసరమే రాదు.

రంగురంగుల పళ్లెం ముందు బిడ్డ చేయి నలువైపులా తిరగడం సహజం. ప్రవక్త (స) సంరక్షణలో పెరిగిన ఉమర్ బిన్ అబీ సలమా (ర) చేయి కూడా బాల్యంలో అలాగే పళ్లెమంతా తిరిగేది. ప్రవక్త (స) ఆయనను గద్దించలేదు. అల్లాహ్ పేరు స్మరించాలని, కుడిచేత్తో తినాలని, తన ముందున్నది తినాలని మృదువుగా నేర్పారు. ఆనాటి నుండి తన భోజన విధానం అదేనని ఆయన పెద్దయ్యాక చెప్పుకున్నారు. బిడ్డ నచ్చక వదిలిన ముక్కను బలవంతంగా నోట కుక్కకండి. మరునాడు చిన్నదిగా చేసి మళ్లీ పెట్టండి. ప్రవక్త (స) ఏ ఆహారాన్నీ ఎన్నడూ నిందించలేదు. ఇష్టమైతే తినేవారు, లేకుంటే వదిలేసేవారు.

అయితే ఆట పేరిట ఆహారం పారవేయడం తగదు. అలంకారం కోసం ఎక్కువ వడ్డించి, ఫోటో తీసుకుని, సగం చెత్తలో వేస్తే బిడ్డ వృథా చేయడమే నేర్చుకుంటాడు. తినమని, తాగమని, హద్దు మీరవద్దని అల్ అరాఫ్ సూరా 31వ ఆయత్ బోధిస్తుంది. కొద్దిగా పెట్టండి, అడిగితే మళ్లీ పెట్టండి. ముక్కలు అమర్చే పని బిడ్డకే అప్పగిస్తే, తన చేత్తో పేర్చినదాన్ని ఇష్టంగా తింటాడు.

వాకిట్లో నిలబడి చూస్తున్న పొరుగింటి బిడ్డను మరువకండి. ఆ బిడ్డ ఏ మతానికి చెందినవాడైనా సరే. పొరుగువారికి అందేలా పులుసులో నీరు కాస్త ఎక్కువ పోయమన్నది ప్రవక్త (స) ఉపదేశం. అలాగే ఇంకొక చంద్రవంక కోయండి, దాన్ని మీ బిడ్డ చేతనే ఇప్పించండి.

సోదరీమణులారా! రేపటి రంగు ప్యాకెట్టు డబ్బుతో రెండు క్యారెట్లు కొని చూడండి. అల్లాహ్ మన పిల్లలకు హలాల్, పరిశుద్ధ ఆహారాన్ని, ఆరోగ్యాన్ని, పంచుకుని తినే గుణాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.