పౌలు చేతివ్రాత ఎక్కడ?



పౌలు స్వయముగా వ్రాసిన పత్రిక ఎక్కడున్నదో చూపుమని మన యౌవనస్థులను కొందరు అడుగుచున్నారు. మూలప్రతి ఒక్కటియు నేడు లేదని ధైర్యముగా చెప్పండి. మొదటినుండియు అంతా ఆయన చేతివ్రాత కాదు. రోమా పత్రికను పౌలు చెప్పుచుండగా వ్రాసినవాడు తెర్తియు. తన వందనము కూడ అందులో చేర్చుకొనెను (16:22). ఎంత చనువో చూడండి! అయితే పౌలు పేరట దొంగ పత్రికలు వచ్చు భయముండెను (2 థెస్స. 2:2). అందుకే కడపటి వందనము తన చేతితోనే వ్రాసెడివాడు (3:17).

మరి ఇవి మనవరకు ఎట్లు వచ్చెను? కొలొస్సయి 4:16 తీయండి. కొలొస్సయివారి పత్రిక లవొదికయలోను చదివించవలెను, అక్కడిది వీరు చదువవలెను. సూర్యాపేట సంఘమునకు వచ్చిన ఉత్తరము కోదాడకు, కోదాడది మిర్యాలగూడకు పంపుకొన్నట్లు. ఇట్లు చేతులు మారుచు నకళ్లు పెరిగినవి. ఒక ఊరిలో చెదలు తిన్నను వేరొక ఊరిలో ప్రతి నిలిచెను.

అట్టి నకలొకటి ఐగుప్తులో దొరికినది. సుమారు క్రీ.శ. 200 నాటి పపైరస్ పుస్తకమది. 104 ఆకులలో 86 మిగిలినవి: 56 ఐర్లాండులోని డబ్లిన్‌లో, 30 అమెరికాలోని మిచిగాన్ విశ్వవిద్యాలయములో ఉన్నవి. మొదటి ఆకులు పోయినందున రోమా పత్రిక అందులో 5:17 నుండి మొదలగును. దానిని వ్రాసిన లేఖకుని పేరు ఎవరికిని తెలియదు.