చల్లబడ్డాక చూద్దాం అన్నారుగా!

నాలుగు రోజుల నుంచీ మా ఇంట్లో రాత్రిపూట ఫ్యాను ఐదు నుంచి మూడుకి దిగింది. బెజవాడ వాళ్ళకి శరదృతువు వస్తోందని చెప్పడానికి ఇంతకంటే గుర్తు అక్కర్లేదండీ. వెన్నెలా, రెల్లుపూలూ కావాలంటే కృష్ణ ఒడ్డు దాకా వెళ్ళాలి. ఇంట్లో ఉండేవాళ్ళకి ఫ్యాను రెగ్యులేటరే పంచాంగం. వినాయకుడి నిమజ్జనం అయిపోయింది, మహాలయ పక్షాలు నడుస్తున్నాయి, దసరా దగ్గరికొచ్చేసింది. కాబట్టి నేనిప్పుడు మే నెల గురించి మాట్లాడాలి.

"ఇప్పుడా?" అన్నారు మా వారు.

అవును, ఇప్పుడే. మే నెలలో అడిగినప్పుడు "కాస్త చల్లబడ్డాక చూద్దాం" అన్నది ఆయనే మరి.

మా ఇంట్లో వంటింటి గురించి ఏ సంగతి ఎత్తినా వచ్చే జవాబు ఇదే. ఎండాకాలంలో మేస్త్రీ దొరకడు, ఏసీ మెకానిక్ ఫోనెత్తడు, పైగా ఇంటినిండా చుట్టాలు. కాబట్టి చల్లబడ్డాక. తీరా చల్లబడ్డాక అడిగితే "ఇప్పుడు బానే ఉందిగా, తొందరేముంది?" అంటారు. ఈ ఫ్లాట్‌లోకి వచ్చి ఆరేళ్ళయింది, ఆరేళ్ళూ ఇంతే. ఎండాకాలంలో వీలుండదు, మిగతా కాలాల్లో అవసరముండదు. మా వారొక్కరినే అనడం లేదు. మా అపార్ట్‌మెంట్‌లో నేనడిగిన నలుగురు ఆడవాళ్ళూ ఇదే మాట తమ ఇంట్లోనూ విన్నామని నవ్వారు. ఆ నవ్వే నాకు నచ్చలేదు.

ఇంతకీ గొడవ ఎక్కడ మొదలైందో చెప్తాను. మొన్న ఆదివారం పేపర్లో పెట్టి దసరా ఆఫర్ల కాగితం వచ్చింది. సీజన్ అయిపోయింది కదా, ఏసీలు తక్కువకి ఇస్తున్నారట. పడగ్గదిలో ఒకటుంది, హాల్లో ఇంకొకటి పెట్టిద్దాం అన్నారు మా వారు. వచ్చే వేసవికి మా ఆడపడుచు పిల్లలు మళ్ళీ వస్తారు, పోయినసారి హాల్లో పడుకుని ఇబ్బంది పడ్డారు, నిజమే. నేనూ సరేనన్నాను. కొలతలు తీసుకోవడానికి వచ్చిన అబ్బాయి ఇల్లంతా చూసి, వెనక యుటిలిటీలోకి తొంగి చూసి, "ఇక్కడింకా చోటుంది మేడం, రెండో అవుట్‌డోర్ యూనిట్ కూడా దీని పక్కనే పెట్టేద్దాం" అన్నాడు.

అక్కడ మొదలైంది.

మా వంటిల్లు అందరి ఫ్లాట్లలో ఉండేలాంటిదే. వాస్తు ప్రకారం ఆగ్నేయం మూల. పొద్దున్న ఏడింటి నుంచే తూర్పు ఎండ గోడకి తగులుతుంది, తర్వాత దక్షిణం నుంచి. ఉన్న ఒకే ఒక కిటికీ యుటిలిటీలోకి తెరుచుకుంటుంది. మూడడుగుల వెడల్పు, ఒక పక్క వాషింగ్ మెషీను, ఒక పక్క గిన్నెలు తోముకునే సింకు, పైన గ్రిల్లు. ఆ గ్రిల్లుకి ఆనుకుని పడగ్గది ఏసీ తాలూకు పెట్టె ఉంది. ఏసీ చలిని పుట్టించదండీ. గదిలో ఉన్న వేడిని లాగి బయట పారబోస్తుంది, తను కాల్చుకున్న కరెంటు వేడి కూడా దానికి కలిపి. పడగ్గదిలో నలుగురు హాయిగా పడుకుంటే ఆ నలుగురి వేడీ నా కిటికీ ముందుకి వస్తుంది. గాలి కోసం కిటికీ తెరిస్తే సెగ, మూస్తే ఉడుకు. ఫ్యాను పెట్టుకుందామంటే గ్యాస్ మంట ఆరిపోతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంది, అదీ ఆ యుటిలిటీలోకే తోస్తుంది. అటునుంచి ఆ పెట్టె ఊదుతుంటే, ఇటునుంచి ఇది పాపం దాంతో పోట్లాడుతుంది.

అక్కడే ఎందుకు పెట్టారూ అంటే, రాగి పైపు పొడుగు తగ్గుతుంది. పైపు పెరిగిన కొద్దీ డబ్బు పెరుగుతుంది. ఇంకో కారణం, ముందు వైపు పెడితే బిల్డింగు ముఖం పాడవుతుందని అసోసియేషన్ వాళ్ళు ఒప్పుకోరు. బిల్డింగు ముఖం గురించి ఆలోచించేవాళ్ళు ఉన్నారు, అదృష్టవంతురాలు.

పోయిన మే నెల చివర, రోహిణి కార్తె వచ్చిన రెండు మూడు రోజులకి, నాకు పొయ్యి ముందు కళ్ళు తిరిగాయి. అమెరికా నుంచి మా ఆడపడుచు వాళ్ళు దిగారు. అక్కడి పిల్లలకి సెలవులిచ్చేదే ఆ రోజుల్లో, వాళ్ళ తప్పేం లేదు. ఆ రోజు పప్పు, వంకాయ, పులిహోర, అప్పడాలు, పిల్లలకి కారం లేకుండా ఇంకో కూర. అప్పడాలు వేయిస్తుండగా చెవుల్లో హోరుమంది. స్టవ్ కట్టేసి అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. మా అత్తగారు నిమ్మకాయ నీళ్ళలో ఉప్పూ పంచదారా కలిపి తాగించారు. మా వారు కంగారుగా వచ్చి అడిగిన మొదటి మాట ఏంటో తెలుసా? "ఎండలో ఎక్కడికెళ్ళావు?"

నేను అప్పటికి మూడు రోజులుగా గడప దాటలేదు.

ఆయన ప్రేమగానే అడిగారు. కానీ ఆ ప్రశ్నలో ఉన్న పొరపాటు ఆయనొక్కరిదే కాదు. ఎండ అంటే బయట ఉండేదనీ, ఇంట్లో ఉన్నవాళ్ళు నీడపట్టున ఉన్నట్టేననీ మనందరి లెక్క. 2015 వేసవిలో మన రెండు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా వడదెబ్బకి పోయారు. అప్పటి నుంచీ వేసవి రాగానే టీవీలో, ఫోన్లో జాగ్రత్తలు చెప్తూనే ఉన్నారు. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బయటికి వెళ్ళొద్దు, గొడుగు పట్టుకోండి, మజ్జిగ తాగండి. అవన్నీ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వాళ్ళ జాబితాలో ఇంకో మాట కూడా ఉంది: ఎండ ముదిరిన వేళల్లో వంట చెయ్యకండి, వంటచోట తలుపులూ కిటికీలూ తెరిచి గాలి ఆడనివ్వండి అని. మా ఫ్యామిలీ గ్రూపులో ఆ జాబితా మూడుసార్లు తిరిగింది. మూడుసార్లూ ఒంటిగంటకి వేడివేడి అన్నం వడ్డించాను.

ఆ పడిపోయిన మర్నాడు మా అబ్బాయి ఒక చిన్న థర్మామీటరు కొనుక్కొచ్చి ఇల్లంతా కొలిచాడు. మధ్యాహ్నం పన్నెండున్నరకి పడగ్గదిలో 26. హాల్లో 35. వంటింట్లో గట్టు దగ్గర 42. పైగా గ్యాస్ మండితే వేడొక్కటే కాదు, నీటి ఆవిరి కూడా పుడుతుంది. దానికి కుక్కరు ఆవిరి, అన్నం గంజి ఆవిరి. ఒంటి మీద చెమట ఆరితేనే కదా ఒళ్ళు చల్లబడేది, అంత ఆవిరిలో అది ఎలా ఆరుతుంది? మా వాడు ఆ అంకెల్ని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాడు. అందరూ అయ్యో అన్నారు. అప్పుడే వచ్చింది ఆ మాట, చల్లబడ్డాక చూద్దాం అని.

దీనికి మా పెద్దమ్మ దగ్గర్నుంచి టీవీ వంటల వాళ్ళ దాకా అందరి దగ్గరా ఒక సమాధానం ఉంది. "మా రోజుల్లో కట్టెల పొయ్యి మీద ఇరవై మందికి వండలేదూ?" వండారు. మా అమ్మ వండింది, నేను చూశాను. పొగకి ఆవిడ కళ్ళు ఎలా అయ్యాయో కూడా చూశాను. 1999లో దీపం పథకం కింద ఊళ్ళో గ్యాస్ బండలు ఇచ్చినప్పుడు మా వీధి ఆడవాళ్ళ సంబరం నాకు గుర్తుంది. కానీ ఆ రోజుల సంగతి పూర్తిగా చెప్పుకుందాం. మా అమ్మమ్మ గారి వంటిల్లు ఇంటికి విడిగా, పెరట్లో ఉండేది. ఎత్తుగా పెంకుల కప్పు, పొగ పోవడానికి సందు. పొద్దున్నే పిల్లలందరికీ చద్దన్నం, మాగాయ ముక్క. టిఫిన్ అనే మాటే లేదు. ఎండెక్కకుండానే వంటైపోయేది, తర్వాత పొయ్యి చల్లారిపోవాల్సిందే. మధ్యాహ్నం ఎవరైనా వస్తే ఉన్నదే పెట్టేవాళ్ళు. రాత్రికి మజ్జిగన్నమూ ఊరగాయా. వేసవికి వేసవి వేళలు, వేసవి తిండి ఉండేవి. ఇప్పుడు మనం పెరడు పోగొట్టుకున్నాం, చద్దన్నం పోగొట్టుకున్నాం, వంట మాత్రం పెంచుకున్నాం. పొద్దున ఇడ్లీ, రెండు చట్నీలు; మధ్యాహ్నం భోజనం; నాలుగింటికి పిల్లలకి ఏదో వేడిగా; రాత్రికి షుగర్ వాళ్ళకి చపాతీలు. రోహిణి కార్తెలో చపాతీలు కాల్చి చూడండి, తర్వాత మీ అమ్మమ్మ గారి ఓపిక గురించి మాట్లాడుకుందాం.

"అంత కష్టమైతే బయట నుంచి తెప్పించుకుందాం" అన్నారు ఒకరోజు. తెప్పించారు కూడా. ఒంటిగంటన్నరకి తలుపు తీస్తే, మా అబ్బాయి కంటే రెండేళ్ళు పెద్దవాడేమో, మొహం కమిలిపోయి నిలబడ్డాడు. మంచినీళ్ళిచ్చాను. ఇంకోసారి తెప్పించొద్దన్నాను. నా సెగ వాడి నెత్తిన పెట్టినట్టే ఉంది నాకు.

ఇంత పెద్ద మాట అన్నదాన్ని, నా సంగతి కూడా చెప్పాలి.

మా ఇంట్లో గిన్నెలు తోమడానికి వచ్చే ఆవిడ వేళ మధ్యాహ్నం రెండున్నర. ఆ వేళ పెట్టింది నేనే. తిన్న గిన్నెలు సింకులో ఉంటే నాకు తోచదు. వేసవంతా ఆవిడ నడిచి వచ్చేది, వాళ్ళది సిమెంటు రేకుల ఇల్లు. నేను గ్లాసు మజ్జిగ ఇచ్చి, "అబ్బ, ఎంత ఎండలో వచ్చావమ్మా, కాస్త కూర్చో" అనేదాన్ని. అని, ఐదు నిమిషాల తర్వాత యుటిలిటీలోకి పంపేదాన్ని. సరిగ్గా ఆ పెట్టె కింద, పడగ్గదిలో అందరూ భోంచేసి ఏసీ వేసుకుని పడుకున్న వేళకి. నేను కూడా ఆ గదిలోనే పడుకున్నాను, చాలా రోజులు. ఆవిడ పమిట తడిపి నెత్తిన వేసుకుని తోమడం చూశాను కూడా. చూసి, పాపం అనుకున్నాను. మా వారు నన్ను చూసి అయ్యో అన్నట్టే.

ఈ సంగతి నాకు మే నెలలో తట్టలేదు. మొన్న ఆ అబ్బాయి "ఇక్కడింకా చోటుంది" అన్నప్పుడు తట్టింది. రెండో పెట్టె గాలి ఎవరి మీద పడుతుందో లెక్కేసుకుంటే నాకంటే ముందు ఆవిడ కనిపించింది.

మే నెల మొత్తం చెడ్డదని నేననడం లేదు. బకెట్ నీళ్ళలో రసాలు నానేసి, సాయంత్రం మేడ మీద పిల్లలందరితో కూర్చుని మోచేతుల దాకా కార్చుకుంటూ తిన్నాం. మా ఆడపడుచు మొన్న ఫోన్లో "వదినా, ఈసారి సమ్మర్ భలే గడిచింది, పిల్లలు రోజూ తలుచుకుంటున్నారు" అంది. ఆ అమ్మాయి మనస్ఫూర్తిగానే అంది. నాకూ ఆ సాయంత్రాలే ముందు గుర్తొస్తున్నాయి ఇప్పుడు. అదే నా భయం. ఇంకో నెల పోతే కార్తీకమాసం, చన్నీళ్ళ స్నానాలు, ఆ 42 నాకే అబద్ధమేమో అనిపిస్తుంది. ఫ్రిజ్ మీద కాగితం ఇప్పటికే సగం ఊడింది. అందుకే మరిచిపోకముందే పోట్లాడుతున్నాను.

మా వారికి మూడు మాటలు చెప్పాను. కొత్త ఏసీ కొనండి, కాదనను. దాని పెట్టె మేడ మీదకి వెళ్ళాలి. పాతది కూడా దాంతోపాటు వెళ్ళాలి. పైపు ఖర్చు ఎంతో ఆ అబ్బాయినే అడిగాం, ఆఫర్లో మిగిలే డబ్బు చాలావరకు దానికే పోతుంది. మా వారి మొహం కాస్త చిన్నబోయింది. అసోసియేషన్ ప్రెసిడెంటుగారు మీటింగులో పెట్టాలన్నారు, మేడ మీద ట్యాంకుల పక్కన చోటుందని నేను ఫొటో తీసి పంపాను. ఇక మూడోది, వచ్చే ఏప్రిల్ నుంచి మా ఇంట్లో పదిన్నరకి పొయ్యి ఆరిపోతుంది, సాయంత్రం ఆరు దాకా వెలగదు. మధ్యాహ్నం అన్నం చల్లగానే ఉంటుంది. చుట్టాలొచ్చినా సరే. దీనికి ఇంకా ఎవరూ సరే అనలేదు.

గిన్నెల వేళ మాత్రం వేసవి దాకా ఆగలేదు, ఈ వారమే మార్చాను. పొద్దున్నే రమ్మంటే ఆవిడకి వేరే ఇల్లుందట, సాయంత్రం ఐదింటికైతే కుదురుతుందంది. సరేనన్నాను. ఎంగిలి గిన్నెలు అంతసేపు సింకులో ఉండటం ఇంటికి మంచిది కాదని మా అత్తగారు రెండు రోజుల నుంచి అంటున్నారు. నాకూ చూస్తుంటే చేతులు దురదగానే ఉన్నాయి. "నీళ్ళు పోసి ఉంచుదాం అత్తయ్యా, నానితే తొందరగా వదులుతాయి" అన్నాను.